ఏం కావాలో చెబితే చాలు

ఒక ఎర్ర అంకె తెచ్చిపెట్టిన తలనొప్పి వెబ్‌ పేజీల తయారీ పద్ధతినే మార్చేసింది. రాసేవాడి పని సులువైంది. ఆ సులువుకు మూల్యం చెల్లిస్తున్నది మాత్రం చవక ఫోను పట్టుకున్న వాడకందారు

తెర పైభాగాన చిన్న ఎర్ర గుర్తు. అందులో ‘1’ అనే అంకె. ఎవరో సందేశం పంపారని ఆత్రంగా నొక్కితే లోపల కొత్తది ఏమీ ఉండదు. కాసేపటికి మళ్లీ అదే అంకె. ఫేస్‌బుక్‌ను ఒకప్పుడు పీడించిన చిక్కు ఇది. ఇంజనీర్లు దాన్ని సరిదిద్దేవారు. కొన్నాళ్లు అంతా సవ్యంగానే ఉండేది. ఆ తర్వాత ఆ దొంగ అంకె మళ్లీ ప్రత్యక్షమయ్యేది. 2014 ఏప్రిల్‌ 30న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఎఫ్‌8 సదస్సులో ఆ కంపెనీ ఇంజనీర్‌ జింగ్‌ చెన్‌ ఈ గొడవను దాచకుండా సభ ముందు పెట్టారు. వేల మంది ఇంజనీర్లున్న సంస్థ ఒక్క అంకెను అదుపులో పెట్టలేకపోవడం వినడానికి విడ్డూరంగా ఉంటుంది. అసలు చిక్కు అంకెలో లేదు, పేజీని రాసే పద్ధతిలో ఉంది.

ఒక సందేశం వస్తే తెర మీద మూడు చోట్ల మార్పు జరగాలి. చాట్‌ కిటికీలో సందేశం కనిపించాలి, ఇన్‌బాక్స్‌ జాబితాలో పైకి రావాలి, ఎర్ర గుర్తులో అంకె పెరగాలి. వాడకందారు చాట్‌లోనే దాన్ని చదివేస్తే మిగతా రెండు చోట్లా ఆ సంగతి తెలియాలి. ఒక్కో చోటికి విడిగా ఆదేశాలు రాసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట మరుపు తప్పదు. మరిచిన చోట పేజీ అబద్ధం చెబుతుంది.

క్రికెట్‌ మైదానంలో చేత్తో పలకలు మార్చే పాత స్కోరుబోర్డు తెలిసినవారికి ఈ బాధ సులువుగానే అర్థమవుతుంది. బ్యాట్స్‌మన్‌ ఒక పరుగు తీస్తే అతని స్కోరు మార్చాలి, జట్టు మొత్తం మార్చాలి, గెలవడానికి కావలసిన పరుగులు తగ్గించాలి, మిగిలిన బంతులూ తగ్గించాలి. నాలుగు పలకల దగ్గర నలుగురు కుర్రాళ్లు. ఒక్కడు ఏమరుపాటుగా ఉన్నా ప్రేక్షకులకు తప్పు లెక్కే. పైగా అంపైర్‌ నిర్ణయం మార్చుకుంటే నలుగురూ వెనక్కి తిప్పాలి. ఇలా ‘ఇది మార్చు, ఆ తర్వాత అది మార్చు’ అని ప్రతి అడుగూ చెప్పే పద్ధతిని ప్రోగ్రామర్లు ఇంపెరేటివ్‌ అంటారు.

రెండో పద్ధతి వేరు. కావలసిన పరుగులంటే లక్ష్యంలోంచి మొత్తం తీసేయగా మిగిలినవి అని ఒక్కసారి చెప్పి ఊరుకోవడమే. పరుగు వచ్చినా, వెనక్కి పోయినా బోర్డు తనంత తాను సర్దుకుంటుంది. ఏం కనిపించాలో మనం చెబుతాం, దాన్ని ఎలా సాధించాలో యంత్రం చూసుకుంటుంది. ఇదే డిక్లరేటివ్‌ పద్ధతి. నేడు ఇంటర్నెట్‌లో దుకాణాలు, బ్యాంకులు, టికెట్ల బుకింగ్‌ పేజీలు చాలావరకు ఈ దారిలోనే తయారవుతున్నాయి.

పాత చింతకాయే

నిజానికి ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1979లో డాన్‌ బ్రిక్లిన్‌, బాబ్‌ ఫ్రాంక్‌స్టన్‌ తెచ్చిన విసికాల్క్‌ లెక్కల పట్టిక చేసింది ఇదే. ఒక గడిలో అంకె మారిస్తే దాని మీద ఆధారపడిన గడులన్నీ మారిపోయేవి. ఎక్సెల్‌లో జీతాల లెక్క వేసే గుమాస్తా రోజూ చేస్తున్నదీ డిక్లరేటివ్‌ ప్రోగ్రామింగే, ఆ పేరు ఆయనకు తెలియకపోయినా. టిమ్‌ బెర్నర్స్‌-లీ వెబ్‌ను సృష్టించినప్పుడు దానికిచ్చిన భాష హెచ్‌టీఎంఎల్‌ కూడా ఈ కోవలోదే. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది బొమ్మ అని చెప్పడమే రాసేవాడి వంతు. అక్షరాలను తెర మీద ఎలా పేర్చాలో బ్రౌజర్‌ చూసుకుంటుంది.

పేజీ చదవడానికే పరిమితమైనంత కాలం అంతా బాగానే ఉంది. 2004లో జీమెయిల్‌, 2005లో గూగుల్‌ మ్యాప్స్‌ వచ్చాక కథ మారింది. పేజీ మొత్తం మళ్లీ తెరుచుకోకుండానే అందులో ఒక ముక్క మారిపోవడం జనానికి అలవాటైంది. ఆ ముక్కలను మార్చడానికి జావాస్క్రిప్ట్‌ కావాలి. అది ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కోలా ప్రవర్తించేది. 2006లో జాన్‌ రెసిగ్‌ విడుదల చేసిన జేక్వెరీ ఆ తేడాలను కప్పేసి ప్రోగ్రామర్ల ప్రాణం కాపాడింది. కానీ పలకలు తిప్పే కుర్రాళ్లకు మంచి చేతి తొడుగులు ఇచ్చినట్లయిందే తప్ప పని పద్ధతి మారలేదు.

మార్చాలని చూసినవారు లేకపోలేదు. మాక్రోమీడియా 2004లో ఫ్లెక్స్‌ను, మైక్రోసాఫ్ట్‌ 2006లో జామెల్‌ను తెచ్చాయి. రెండూ తెరను వర్ణించే భాషలే. అయితే మొదటిది ఫ్లాష్‌ను నమ్ముకుంది, రెండోది విండోస్‌ను. బ్రౌజర్‌లో నేరుగా నడిచే దారి చూపినవాటిలో గూగుల్‌ అండతో 2010లో వచ్చిన యాంగ్యులర్‌జేఎస్‌ ముఖ్యమైనది. ఆ తర్వాత ఫేస్‌బుక్‌ వంతు వచ్చింది.

నవ్వుల పాలై నిలిచింది

ప్రకటనల విభాగంలో కోడ్‌ పెరిగి పెరిగి ఒకటి కదిపితే మరొకటి చెడే స్థితికి వచ్చినప్పుడు, 2011లో జోర్డన్‌ వాక్‌ అనే ఇంజనీర్‌ ఒక ప్రయోగం చేశారు. సమాచారం మారిన ప్రతిసారీ పేజీని మొదటి నుంచి కొత్తగా వర్ణిస్తే పోలేదా అన్నది ఆయన ఆలోచన. అదే రియాక్ట్‌గా రూపుదిద్దుకుంది. 2012లో ఫేస్‌బుక్‌ కొనుగోలు చేసిన ఇన్‌స్టాగ్రామ్‌ కూడా దాన్ని కోరుకోవడంతో బయటివారు వాడుకునేలా విడదీయాల్సి వచ్చింది. 2013 మేలో అమెరికాలోని జేఎస్‌కాన్ఫ్‌ సదస్సులో దాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేశారు.

స్వాగతం అంత ఘనంగా ఏమీ దొరకలేదు. పేజీ రూపం ఒక ఫైలులో, దాని నడక మరో ఫైలులో ఉండాలన్నది అప్పటికి వేదవాక్కు. రియాక్ట్‌ ఆ రెంటినీ కలిపి జావాస్క్రిప్ట్‌ లోపలే హెచ్‌టీఎంఎల్‌ను పోలిన రాత రాయమంది. ఇది అపచారమని చాలామంది ముఖం చిట్లించారు. రూపం, నడక విడివిడి పనులు కావని, ‘కొను’ అనే బొత్తానికి సంబంధించినదంతా ఒకచోట ఉంటేనే సౌకర్యమని రియాక్ట్‌ బృందం వాదించింది. ఇలా విడిగా కట్టి ఎక్కడ కావాలంటే అక్కడ అమర్చుకునే ముక్కనే కాంపొనెంట్‌ అంటారు.

మరి ప్రతిసారీ పేజీని కొత్తగా వర్ణిస్తే నెమ్మదించదా? దీనికి జవాబు ఆర్టీసీ బస్టాండులోని నల్లబల్ల దగ్గర దొరుకుతుంది. బస్సుల వేళల కొత్త జాబితా చేతికి వచ్చినప్పుడు తెలివైన గుమాస్తా బల్ల మొత్తం తుడవడు. కొత్త కాగితాన్ని పాత కాగితంతో పోల్చి తేడా ఉన్న రెండు వరుసలే చెరిపి రాస్తాడు. కాగితాలు పోల్చడం క్షణాల పని. బల్ల తుడిచి రాయడమే శ్రమ. రియాక్ట్‌ కూడా పేజీ నమూనాను మెమరీలో ఉంచుకుని, పాత నమూనాతో కొత్తదాన్ని పోల్చి, మారిన చోటే బ్రౌజర్‌లో చెయ్యి పెడుతుంది. దీనికి వర్చువల్‌ డామ్‌ అని పేరు.

ఈ పోలిక కూడా అనవసరపు శ్రమేనన్నవారు వచ్చారు. రిచ్‌ హ్యారిస్‌ 2016లో తెచ్చిన స్వెల్ట్‌, ఏది మారితే ఏది మార్చాలో పేజీ తయారీ దశలోనే తేల్చేస్తుంది. గూగుల్‌లో పనిచేసిన ఇవాన్‌ యూ 2014లో విడుదల చేసిన వ్యూ, నేర్చుకోవడానికి తేలికన్న పేరు తెచ్చుకుంది. పద్ధతుల్లో తేడాలున్నా మూలసూత్రం ఒక్కటే. 2019లో యాపిల్‌ స్విఫ్ట్‌యూఐ, 2021లో గూగుల్‌ జెట్‌ప్యాక్‌ కంపోజ్‌ స్థిరపడ్డాక ఫోన్‌ యాప్‌లు కూడా ఈ దారే పట్టాయి.

2జీ మీద దుకాణం

భారత్‌లో ఈ పద్ధతికి గట్టి పరీక్ష 2015లో ఎదురైంది. మొబైల్‌ వెబ్‌సైట్‌ మూసేసి వినియోగదారులను యాప్‌ వైపు మళ్లించిన ఫ్లిప్‌కార్ట్‌ అదే ఏడాది నవంబర్‌లో మనసు మార్చుకుని ‘ఫ్లిప్‌కార్ట్‌ లైట్‌’ పేరుతో బ్రౌజర్‌లోకి తిరిగొచ్చింది. రియాక్ట్‌తో కట్టిన ఈ సైట్‌ పేజీ చట్రాన్ని ఫోనులోనే దాచుకుని, సరుకుల వివరాలను మాత్రమే నెట్‌వర్క్‌ నుంచి తెచ్చుకునేది. గూగుల్‌ ప్రచురించిన వివరాల ప్రకారం, దాని వాడకందార్లలో 63 శాతం మంది 2జీ మీదే వచ్చేవారు. పాత మొబైల్‌ సైట్‌లో సగటున 70 సెకన్లు గడిపినవారు కొత్తదానిలో మూడున్నర నిమిషాలు ఉన్నారు. డేటా ఖర్చు మూడో వంతుకు తగ్గింది.

ఈ ఘనత మొత్తం రియాక్ట్‌దే అనుకుంటే పొరపాటు. ప్రతి కిలోబైటుకూ లెక్క చూసుకున్న ఇంజనీర్ల క్రమశిక్షణ దాని వెనక ఉంది. ఆ క్రమశిక్షణ లేనిచోట అదే పనిముట్టు భారమవుతుంది. ఫ్రేమ్‌వర్క్‌ ఒక్కటే పదుల కిలోబైట్లు. దాని మీద క్యాలెండర్‌ కోసం ఒకటి, గ్రాఫ్‌ కోసం ఒకటి, బొమ్మలు కదలడానికి ఒకటి చొప్పున తగిలిస్తూ పోతే ఫారం నింపే చిన్న పేజీ కూడా మెగాబైట్లకు చేరుతుంది. డేటా చవకైంది కాబట్టి ఫర్వాలేదనుకోవడానికి లేదు. వచ్చిన జావాస్క్రిప్ట్‌ను చదివి నడిపించాల్సింది ఫోనులోని ప్రాసెసర్‌. డెవలపర్‌ చేతిలోని ఖరీదైన ల్యాప్‌టాప్‌లో రెప్పపాటులో తెరుచుకునే పేజీ, ఏడెనిమిది వేల రూపాయల ఫోనులో తెల్లతెరగా నిలిచిపోతుంది. స్క్రిప్ట్‌ మధ్యలో ఆగిపోతే కొన్ని పేజీల్లో ఒక్క అక్షరం కూడా కనిపించదు.

చూపు లేనివారి కష్టం మరో రకం. తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ హెచ్‌టీఎంఎల్‌లోని గుర్తులను నమ్ముకుంటుంది. అసలైన బటన్‌ గుర్తు వాడితే అది ‘బటన్‌’ అని పలుకుతుంది. మామూలు పెట్టెకు రంగు పూసి బొత్తాంలా చూపిస్తే కళ్లున్నవారికి తేడా తెలియదు, లేనివారికి అక్కడ బొత్తాం ఉన్నట్లే తెలియదు. పేజీ తిరిగి తెరుచుకోకుండా లోపలి విషయం మారిపోయినప్పుడు కూడా ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పకపోతే వినేవారికి చేరదు. ఇవి ఫ్రేమ్‌వర్క్‌ తప్పులు కావు, రాసేవారి అలక్ష్యం. కానీ అలక్ష్యంగా రాసిన ఒక కాంపొనెంట్‌ వంద పేజీల్లో అమరితే తప్పు కూడా వంద రెట్లవుతుంది. యాసిడ్‌ దాడి బాధితులు, ఒక అంధుడు వేసిన పిటిషన్లపై 2025 ఏప్రిల్‌ 30న తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, డిజిటల్‌ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని స్పష్టం చేసింది. బ్యాంకు ఖాతాకు కేవైసీ చేయించుకోలేకపోవడం ఆ వ్యాజ్యాలకు మూలం. బొత్తాం సరిగా రాయడం ఇక ప్రోగ్రామర్‌ మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

లైసెన్స్‌ తగాదా

అందరూ ఒకే పనిముట్టు పట్టుకుంటే మరో చిక్కు కూడా ఉంది. రియాక్ట్‌ లైసెన్స్‌లో ఫేస్‌బుక్‌ చేర్చిన పేటెంట్‌ షరతు నచ్చక 2017 జూలైలో అపాచీ సాఫ్ట్‌వేర్‌ ఫౌండేషన్‌ తన ప్రాజెక్టుల్లో దాని వాడకాన్ని నిషేధించింది. సెప్టెంబర్‌లో వర్డ్‌ప్రెస్‌ వ్యవస్థాపకుల్లో ఒకరైన మ్యాట్‌ ముల్లెన్‌వెగ్‌ తామూ తప్పుకుంటున్నామని ప్రకటించారు. వారం రోజుల్లో ఫేస్‌బుక్‌ దిగొచ్చి షరతు లేని ఎంఐటీ లైసెన్స్‌కు మారింది. రియాక్ట్‌ను లైనక్స్‌ ఫౌండేషన్‌ నీడలోని ప్రత్యేక సంస్థకు అప్పగించనున్నట్లు 2025 అక్టోబర్‌లో ప్రకటన వెలువడింది. ఆ వెంటనే డిసెంబర్‌లో రియాక్ట్‌ సర్వర్‌ భాగంలో పెద్ద లోపం బయటపడింది. బయటివారు సర్వర్‌లో తమ కోడ్‌ నడిపించుకోగల ఆ లోపానికి తీవ్రత కొలమానంలో పదికి పది పడ్డాయి.

అమీర్‌పేట పాఠం

ఈ ఎగుడుదిగుళ్ల లెక్క బాగా తెలిసిన చోటు హైదరాబాద్‌లోని అమీర్‌పేట. ఒకప్పుడు జావా, ఒరాకిల్‌, డాట్‌నెట్‌ పేర్లతో నిండిన శిక్షణ కేంద్రాల బ్యానర్ల మీద ఇప్పుడు ‘ఫుల్‌స్టాక్‌’, ‘రియాక్ట్‌’ రాజ్యమేలుతున్నాయి. హాస్టల్‌ అద్దెకూ కోర్సు ఫీజుకూ ఇంటి నుంచి డబ్బు తెప్పించుకునే కుర్రాళ్లకు ఇది జీవన్మరణ సమస్య. నేర్చుకున్నది ఎన్నాళ్లు పనికొస్తుందన్నదే వారి ప్రశ్న.

గతం చూస్తే భరోసా తక్కువే. 2016లో గూగుల్‌ యాంగ్యులర్‌ను పూర్తిగా తిరగరాయడంతో పాతది నేర్చినవారు మళ్లీ పలక పట్టారు. 2021తో పాత దానికి మద్దతే ఆగిపోయింది. రియాక్ట్‌లో 2019లో హుక్స్‌ వచ్చి క్లాసుల పద్ధతిని వెనక్కి నెట్టాయి. ఏళ్ల తరబడి మొదటి పాఠంగా చెప్పిన ‘క్రియేట్‌ రియాక్ట్‌ యాప్‌’ పనిముట్టును 2025 ఫిబ్రవరిలో రియాక్ట్‌ బృందమే పక్కన పెట్టింది. దీనికి తోడు ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలకు ఫలానా పేజీ కావాలని మాటల్లో చెబితే రియాక్ట్‌ కోడ్‌ రాసిచ్చేస్తున్నాయి. ఏం కావాలో చెబితే చాలన్న సూత్రం చివరికి ప్రోగ్రామర్‌ కుర్చీ దాకా వచ్చింది.

అయితే రాసిచ్చిన పేజీలో తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి అడుగున ఏం జరుగుతోందో తెలిసిన మనిషే కావాలి. హెచ్‌టీఎంఎల్‌, సీఎస్‌ఎస్‌, జావాస్క్రిప్ట్‌ అనే మూడు పునాదులూ ఈ పాతికేళ్ల పైచిలుకు కాలంలో పెరిగాయే తప్ప చెరిగిపోలేదు. తొంభైల్లో రాసిన పేజీ నేటి బ్రౌజర్‌లోనూ తెరుచుకుంటుంది. ఏ సమాచారం ఎక్కడ ఉండాలి, అది మారితే ఏవేవి మారాలి అన్న ఆలోచన కూడా ఫ్రేమ్‌వర్క్‌ మారినంత మాత్రాన పాతబడదు. ఆ మూడూ వచ్చినవారు కొత్త ఫ్రేమ్‌వర్క్‌ను కొద్ది వారాల్లో పట్టేస్తారు. ఫ్రేమ్‌వర్క్‌ ఒక్కటే వచ్చినవారు దానితోపాటే పాతబడతారు.

జింగ్‌ చెన్‌ సభ ముందు పెట్టిన దొంగ అంకె పీడ ఏ మంత్రంతోనూ విరగడ కాలేదు. సందేశాల లెక్క ఒక్కచోటే ఉండాలని, తెర మీద కనిపించేవన్నీ దాని నుంచే పుట్టాలని తేల్చుకున్నాకే ఫేస్‌బుక్‌ ఒడ్డున పడింది. ఆ సంగతి తేల్చుకోవాల్సింది మాత్రం ఇప్పటికీ పేజీ రాసే మనిషే.