దోమ కుట్టిందని వరికి ఎలా తెలుస్తుంది?

ఖరీఫ్ వరి వెన్ను తీసి పాలు పోసుకునే రోజుల్లో పచ్చటి చేను నడుమ మంచమంత మేర గుండ్రంగా పసుపు తిరుగుతుంది. నాలుగు రోజులు గడిచేసరికి అక్కడ నిప్పు పెట్టినట్టు ఎండి, ఆ ఎండు పక్కకు పాకి కళ్ళమంత అవుతుంది. సుడులు సుడులుగా ఎండుతుంది కాబట్టే దీన్ని సుడిదోమ అన్నారు. దుబ్బును వంచి నీటిమట్టానికి కాస్త పైన చూస్తే మొదళ్ళ చుట్టూ గోధుమ రంగు దోమలు కిక్కిరిసి కనిపిస్తాయి. చాలాసార్లు అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది.

గట్టుకు అవతల ఇంకో రకం వేసి ఉంటే అది పచ్చగానే నిలబడి ఉండొచ్చు. నీరు అదే, ఎరువు అదే, వాన అదే. తేడా విత్తనంలో ఉంది. విత్తనంలో ఎక్కడ ఉందో, అది అక్కడ ఏం చేస్తుందో చెప్పగలిగిన స్థితికి శాస్త్రం ఈ మధ్యనే వచ్చింది.

ముందు దోమ తిండి సంగతి తెలియాలి. దీనికి నమిలే దవడలు లేవు, సూది లాంటి నోరు ఉంది. ఆకు తొడుగులో ఆ సూదిని గుచ్చి, ఆకులు ఎండలో వండిన చక్కెరను వేళ్ళకూ గింజలకూ మోసే సన్నటి నాళాల కోసం వెతుకుతుంది. దారిలో రెండు రకాల లాలాజలం వదులుతుంది. ఒకటి గట్టిపడి సూది చుట్టూ ఒరలా ఏర్పడుతుంది. రెండోది పలచనిది, మొక్క కణాల్లోకి జారిపోతుంది. నాళం దొరికాక గంటల తరబడి తాగుతూనే ఉంటుంది. ఒంటికి పట్టినంత ఉంచుకుని మిగిలిన తీపి నీటిని బయటికి వదిలేస్తుంది. దుబ్బుల మొదట్లో చేతికి అంటుకునే జిగురు అదే.

నాళం గాయపడితే వరి ఊరుకోదు. కాలోజ్ అనే పదార్థాన్ని తయారుచేసి, నాళంలో జల్లెడలా ఉండే రంధ్రాలను పూడ్చేస్తుంది. చెరువు తూముకు బిరడా వేసినట్టే. దోమకు లొంగిపోయే రకం కూడా ఈ పని చేస్తుంది. అయితే దానిలో ఆ బిరడా నిలవదు. దోమ కుట్టిన తర్వాత ఆ మొక్కలోనే కాలోజ్‌ను కరిగించే ఎంజైముల జన్యువులు మేల్కొంటాయి, తూము మళ్ళీ తెరుచుకుంటుంది. తట్టుకునే రకంలో మాత్రం బిరడా గట్టిగా కూర్చుంటుంది. దోమ గుచ్చుతుంది, వెతుకుతుంది, కడుపు నిండక ఇంకోచోట గుచ్చుతుంది. నిరోధక రకం అనగానే మొక్క నిండా విషం ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ జరిగేది ముఖ్యంగా ఆకలితో మాడ్చడం. దీన్ని కొలవడానికి శాస్త్రవేత్తలు మొక్క మొదట్లో వడపోత కాగితం పరిచి దోమలను వదులుతారు. దోమ ఎంత తాగిందో కాగితం మీద పడిన తీపి మరక చెబుతుంది.

మరి బిరడా తీయవద్దని మొక్కకు చెప్పేదెవరు? 2009లో చైనాలోని వూహాన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు బి.పి.హెచ్.14 అనే జన్యువును విడదీసి చూపించారు. పురుగును తట్టుకునే జన్యువును వరిలో ఇలా విడిగా పట్టుకోవడం అదే మొదటిసారి. అది సాగు వరి సొంత ఆస్తి కాదు, ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి నుంచి సంకరం ద్వారా వచ్చింది. జన్యువంటే ఒక ప్రోటీనును ఎలా అల్లాలో రాసిపెట్టిన వరస. ఈ జన్యువు అల్లే ప్రోటీను కణం లోపల కావలి కాస్తుంది. దేనికోసం కాస్తుందో 2023లో తేలింది. దోమ లాలాజలంలో ఒక ప్రోటీను ఉంది. మొక్కకు పుట్టుకతో ఉన్న సాధారణ రక్షణను నీరసపరచడం దాని పని. బి.పి.హెచ్.14 ఉన్న మొక్కలో ఆ ప్రోటీను లోపలికి రాగానే కావలి ప్రోటీను దానికి అంటుకుని ఆనవాలు పడుతుంది, ఆ వెంటనే రక్షణ జన్యువులు వరసగా పనిలోకి దిగుతాయి. దొంగ తాళం తీయడానికి తెచ్చుకున్న పనిముట్టే దొంగను పట్టించిందన్నమాట.

ఆ పరిశోధనలో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది దాని తర్వాతి భాగం. రక్షణ ఊరికే రాదు. కాలోజ్‌కు చక్కెర కావాలి, ఎంజైములకు నత్రజని కావాలి. గింజకు వెళ్ళాల్సినవే అటు వెళతాయి. ఆ రక్షణ ఎప్పుడూ నడుస్తూ ఉండేలా చేసిన మొక్కలు సరిగా ఎదగలేదు. అందుకే మొక్క దోమ ప్రోటీనును పట్టుకున్నాక, దాన్ని కణంలోని చెత్త కరిగించే ఏర్పాటుకు అప్పగించి నాశనం చేస్తుంది. దోమ కుట్టడం మానేస్తే లాలాజలం ఆగుతుంది, ఉన్నది కరిగిపోతుంది, హెచ్చరిక దానంతట అదే చల్లారుతుంది. మొక్క మళ్ళీ గింజ పనిలో పడుతుంది. అవసరమైనంత సేపే పోరాడి, ఆపడం తెలిసిన రకమే రైతుకు దిగుబడి ఇస్తుంది.

ఆకులు నమిలే పురుగులతో వ్యవహారం కొంత వేరు. 1972లో అమెరికాలో గ్రీన్, ర్యాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, పురుగు కొరికిన ఆకులోనే కాక కొరకని ఆకుల్లో కూడా పురుగుకు అరుగుదల చెడగొట్టే ప్రోటీనులు పెరుగుతున్నాయని చూపించారు. వాళ్ళు చూసినవి టమాటా, బంగాళాదుంప మొక్కలు. కొరికిన ఆకు నుంచి మిగతా ఆకులకు ఈ కబురు మోయడంలో పెద్ద పాత్ర జాస్మోనేట్లది. జాజిపూల పరిమళంలో ఉండే పదార్థం ఈ కుటుంబానిదే, పేరు కూడా అక్కడినుంచే వచ్చింది. మామూలు రోజుల్లో రక్షణ జన్యువుల మీద కొన్ని అణచివేత ప్రోటీనులు కూర్చుని ఉంటాయి. పురుగు కొరికితే జాస్మోనేట్ పెరుగుతుంది, ఆ ప్రోటీనులు విరిగిపోతాయి, జన్యువులకు ఊపిరాడుతుంది. మనం జడలో తురుముకునే పరిమళం మొక్కకు యుద్ధవార్త.

వరి దగ్గరికే మళ్ళీ వద్దాం, ఎందుకంటే కావలివాడికి ఒక బలహీనత ఉంది. అతనికి తెలిసిన ముఖం మారితే గుర్తుపట్టలేడు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1973లో ఐ.ఆర్.26ను విడుదల చేసింది. అందులో దోమను తట్టుకునే జన్యువు ఒకటే. లక్షల ఎకరాల్లో అదే రకం, అదే జన్యువు. దాన్ని దాటగలిగిన దోమలకే తిండి, వాటికే సంతానం. కొద్ది ఏళ్ళలోనే ఆ రకం లొంగిపోయింది. 1976లో ఇంకో జన్యువుతో ఐ.ఆర్.36 వచ్చింది, కాలక్రమంలో దాన్నీ దాటే దోమలు పుట్టుకొచ్చాయి. మన దేశపు దోమలు ఇంకా వేరు. ముడ్గో అనే భారతీయ రకం ఫిలిప్పీన్స్‌లో దోమను నిలువరించింది కానీ ఇక్కడ నిలవలేదు.

మందుల డబ్బాలో పరిష్కారం ఉందనుకోవడం ఈ కథలోని పెద్ద పొరపాటు. దోమ గుడ్లను పీల్చి తినే మిరిడ్ నల్లులూ, దోమలను పట్టే సాలీళ్ళూ మందుకు ముందుగా చస్తాయి. ఆకు తొడుగులో దాగిన దోమ గుడ్లు బతికి, పగవాళ్ళు లేని చేనులో పొదుగుతాయి. ఇండొనేషియా ఈ సంగతి గ్రహించి 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది. యూరియా మోతాదు మించితే మొక్క మెత్తబడి దోమకు ఇంకా రుచిస్తుంది. చేనులో రెండు మీటర్లకో కాలిబాట తీయమని మన వ్యవసాయాధికారులు ఏటా చెప్పేది, మొదళ్ళకు గాలీ వెలుతురూ తగిలి దోమకు ఆ చోటు నచ్చకుండా చేయడానికే. ఈ మాటలు పాతవే అయినా జన్యువుకు కాపలా ఇవే. దోమలు తక్కువగా ఉంటే కావలిని దాటేవి పుట్టే అవకాశమూ తక్కువే.

మన మార్టేరు పరిశోధన స్థానం ఇచ్చిన కాటన్ దొర సన్నాలు, అంటే ఎం.టి.యు. 1010, కృష్ణవేణికీ ఐ.ఆర్.64కీ పుట్టిన రకం. దోమను బాగానే ఓర్చుకుంటుంది. అన్నానికి అందరూ మెచ్చే సాంబ మసూరి ఓర్చుకోదు. ఎండాకు తెగులుకు లొంగిపోయే ఆ సాంబ మసూరిలోకే హైదరాబాదు శాస్త్రవేత్తలు మూడు నిరోధక జన్యువులను చేర్చి 2008లో మెరుగైన రకం తెచ్చారు. గింజ సన్నదనమూ రుచీ పోలేదు. దోమ విషయంలోనూ ఇలా రెండు మూడు జన్యువులను ఒకే రకంలో పేర్చడమే దారి అని నా నమ్మకం. ఒక కావలిని దాటినది ఇంకొకరికి దొరకాలి. 30కి పైగా జన్యువులను ఇప్పటికే గుర్తించారు. వాటిలో చాలావరకు శ్రీలంక రతు హీనాటి వంటి నాటు రకాల్లోనూ, అడవి వరిలోనూ దొరికినవే.

కొత్త రకాలను పరీక్షించే గాజు ఇళ్ళలో ట్రేలు ఉంటాయి. వరసలుగా లేత నారు, దాని మీద వేల పిల్ల దోమలు. ప్రతి ట్రేలో రెండు వరసలు తప్పనిసరి. ఒకటి హరిత విప్లవం తొలి రోజుల్లో మన పొలాలకు వచ్చిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్-1. రెండోది కేరళ పట్టాంబి నుంచి వచ్చిన పి.టి.బి.33. మొదటిది గడ్డిలా ఎండిపోయిన రోజున లెక్క తీస్తారు. ఆ రోజుకి పట్టాంబి వరస ఇంకా పచ్చగా నిలబడి ఉంటుంది, కొత్త రకాలను దాని పక్కన పెట్టి చూస్తారు.