నెట్‌గార్డ్ ఫైర్‌వాల్‌ని రోజూ నమ్ముకోవచ్చా?

"అన్నా, ఓపెన్ సోర్స్ ఫైర్‌వాల్ ఫోన్‌లో నిజంగా పనిచేస్తుందా, పేరుకేనా?" అని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఈ రోజు నెట్‌గార్డ్ గురించి మాట్లాడుకుందాం. దీనికి రూట్ అక్కర్లేదు. కోడ్ మొత్తం గిట్‌హబ్‌లో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు.

ఆన్ చేయగానే పైన తాళంచెవి గుర్తు వస్తుంది. వీపీఎన్ అనగానే మన డేటా ఏ సర్వర్‌కో పోతోందని కంగారు పడకండి. అది ఫోన్ లోపలే నడిచే వీపీఎన్. మీరు బ్లాక్ చేసిన యాప్ నెట్ అడిగితే, ఆ ట్రాఫిక్‌ని దీంట్లోకి మళ్లించి అక్కడే పడేస్తుంది. అంతే.

మరి ఎక్కడ దెబ్బతింటుంది? నా లెక్కలో అసలు సమస్య యాప్‌ది కాదు, ఫోన్‌ది. బ్యాటరీ మిగల్చాలని కొన్ని ఫోన్‌లు బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్నవాటిని చంపేస్తాయి. ఫైర్‌వాల్ పోతే నెట్ ఆగదు, చప్పుడు లేకుండా అందరికీ తెరుచుకుంటుంది. మనమేమో కాపలా ఉందనే ధీమాలో ఉంటాం. కాబట్టి ముందు బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి నెట్‌గార్డ్‌ని తప్పించండి. తర్వాత ఫోన్ వీపీఎన్ సెట్టింగ్స్‌లో 'ఆల్వేస్ ఆన్' పెట్టండి, ఆండ్రాయిడ్ 7 నుంచి ఉంది. దాని కిందే 'వీపీఎన్ లేకుండా కనెక్షన్లు బ్లాక్' అని ఇంకోటి కనిపిస్తుంది. ఇక్కడ జాగ్రత్త! నెట్‌గార్డ్‌లో ట్రాఫిక్ ఫిల్టర్ ఆఫ్‌లో ఉంటే, మీరు అనుమతించిన యాప్‌లు వీపీఎన్ బయటి నుంచే పోతాయి. అప్పుడిది ఆన్ చేశారనుకోండి, వాటికీ నెట్ ఆగిపోతుంది. "యాప్ పాడైంది" అని తిట్టుకునేవాళ్లలో చాలామంది కథ ఇదే.

ఇంకో సంగతి, ఆండ్రాయిడ్‌లో ఒకసారికి ఒక్క వీపీఎనే నడుస్తుంది. ఆఫీస్ వీపీఎన్ కనెక్ట్ చేస్తే నెట్‌గార్డ్ పక్కకు తప్పుకుంటుంది. కొన్ని బ్యాంక్ యాప్‌లు వీపీఎన్ కనబడితే తెరుచుకోవు కూడా. అప్పుడు కాసేపు ఆపి, పనయ్యాక గుర్తుపెట్టుకుని మళ్లీ ఆన్ చేయాలి. చిరాకే, కానీ తప్పదు.

లోన్ యాప్‌ల గురించి కూడా అడుగుతున్నారు. కాంటాక్ట్స్ పర్మిషన్ ఇచ్చేసి, నెట్ కూడా ఇస్తే ఇక ఫైర్‌వాల్ ఏం చేస్తుంది? ఏ యాప్‌కి నెట్ ఇవ్వాలో అది చూస్తుంది గానీ, నెట్ ఇచ్చాక ఆ యాప్ లోపల ఏం పంపుతోందో చదవదు. యాంటీవైరస్ కాదిది. ఆ పర్మిషన్ దగ్గరే 'వద్దు' కొట్టాలి. కానీ టార్చ్, కాలిక్యులేటర్, ఆఫ్‌లైన్ గేమ్‌ల్లాంటి నెట్‌తో పనిలేని యాప్‌లకు మాత్రం ఇది భలే పనికొస్తుంది.

పెట్టుకున్నాక టెస్ట్ చేయండి. బ్రౌజర్‌ని బ్లాక్ చేసి ఏదైనా కొత్త సైట్ తెరవండి, రాకూడదు. ఫోన్ రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి. రాత్రంతా అలాగే వదిలేసి, పొద్దున్నే నెట్‌గార్డ్ తెరవకుండా ఇంకోసారి చూడండి. మూడుసార్లూ సైట్ రాకపోతే మీ ఫోన్‌లో అది నిలబడినట్టే. ఐఫోన్ వాళ్లది వేరే ఎపిసోడ్‌లో చూద్దాం.