వాకర్ గొప్పా? వాటో గొప్పా?

మా ఇంట్లో ఎప్పటికీ తేలని పంచాయితీ ఒకటుంది. కెనడాలో పుట్టిన బేస్‌బాల్ బ్యాటర్లలో లారీ వాకర్ గొప్పా, జోయీ వాటో గొప్పా? మా అబ్బాయిది వాటో పక్షం. టొరంటోలో పుట్టి ఎటోబికోలో పెరిగినవాడు కాబట్టి పక్కింటి కుర్రాడన్నంత అభిమానం. నేను బ్రిటిష్ కొలంబియా వాడైన వాకర్ వైపు.

పైపైన చూస్తే అంకెలు నావైపే ఉంటాయి. వాకర్ (1989-2005) సగటు 0.313, హోమ్ రన్లు 383. వాటో (2007-2023) సగటు 0.294, హోమ్ రన్లు 356. ఇది మన క్రికెట్ సగటు లాంటిది కాదు. లెక్కలోకి వచ్చే వెయ్యి అవకాశాల్లో 313 హిట్లు కొట్టాడని దీని అర్థం.

కానీ కాలం మారింది. 1999లో మేజర్ లీగ్ బ్యాటర్లందరి సగటు 0.271. 2022 నాటికి అది 0.243కి పడిపోయింది. ఇప్పుడు పిచర్ల వేగం పెరిగింది, అలసిపోకముందే కొత్తవాణ్ణి దించుతున్నారు. ఆ రోజుల్లో వాటో కొట్టిన 0.294ను తక్కువ అనగలమా? మన సి.కె.నాయుడు 36 ఏళ్ల వయసులో తొలి టెస్టు ఆడారు. ఏడు టెస్టుల్లో ఆయన సగటు 25. వి.వి.ఎస్.లక్ష్మణ్‌ది దాదాపు 46. అంతమాత్రాన నాయుడిని సగం బ్యాటర్ అని ఎవరూ అనరు కదా!

పాతకాలంలో నిబంధనలే వేరు. ఒంటారియోకు చెందిన టిప్ ఓనీల్ 1887లో 0.435 కొట్టాడు. ఆ ఏడాది నాలుగు స్ట్రైకులు పడితేగాని అవుట్ కాదు. పైగా వాక్‌లను కూడా హిట్లుగానే లెక్కించడంతో అప్పట్లో అతని సగటు 0.492గా నమోదైంది.

వాకర్‌ను వెంటాడింది మాత్రం మైదానం. డెన్వర్ మైలు ఎత్తున ఉంది. గాలి పలచన, బంతి దూరం పోతుంది. అక్కడి కూర్స్ ఫీల్డ్‌లో అతని సగటు 0.381. ఆ అనుమానంతోనే ఓటర్లు అతణ్ణి ఏళ్ల తరబడి హాల్ ఆఫ్ ఫేమ్ గడప బయటే నిలబెట్టారు. పదోసారి, అంటే ఆఖరి అవకాశంలో, 2020లో 397 ఓట్లకు 304 వచ్చాయి. కావలసినదానికంటే ఆరే ఎక్కువ! 1997లో అతను కొట్టిన 49 హోమ్ రన్లలో 29 బయటి మైదానాల్లోవే. ఈ ఒక్క అంకెను ముందే చూసి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

మైదానాన్నీ, కాలాన్నీ సరిచేసే లెక్క ఒకటుంది, పేరు ఓపీఎస్ ప్లస్. సగటు ఆటగాడు 100 అయితే వాకర్ 141, వాటో 144. మూడు పాయింట్లకే మా అబ్బాయి ఇల్లంతా గంతులేశాడు.

ఈ లెక్క కూడా ఆటగాణ్ణి అతని తోటివాళ్లతోనే తూస్తుంది. ఆ తోటివాళ్లలోకి ఎవర్ని రానిచ్చారన్నది వేరే సంగతి. 1946లో జాకీ రాబిన్సన్ మాంట్రియల్ రాయల్స్ తరఫున 0.349 కొట్టి, మరుసటి ఏడాది మేజర్ లీగ్‌లో అడుగుపెట్టేదాకా ఆ తరంలో నల్లజాతివారికి అందులో చోటే లేదు. వాళ్ల నీగ్రో లీగ్స్ అంకెలను 2024లో అధికారిక రికార్డుల్లో కలిపారు. దాంతో టై కాబ్ 0.367ను దాటి జోష్ గిబ్సన్ 0.372తో మొదటి స్థానానికి వచ్చాడు. అప్పటికి గిబ్సన్ చనిపోయి 77 ఏళ్లు.

వాటో పేరు 2029 హాల్ ఆఫ్ ఫేమ్ ఎన్నికకు వస్తుంది. అతని హిట్లు 2,135. మూడు వేలు లేవని పెదవి విరిచేవాళ్లు తప్పక ఉంటారు. వాకర్‌వి 2,160.