ఆఫ్‌సెట్ స్మోకర్: తెల్ల పొగలో మాంసం పెట్టొద్దు

నూజెండ్ల నుంచి మాట్లాడుతున్నాను. కిందటేడు సంక్రాంతికి అల్లుడొచ్చాడని పొట్టేలు తొడ స్మోకర్‌లో పెట్టా. ఆరు గంటలు కాపలా కాశా. ముక్క నోట్లో పెడితే వేపాకంత చేదు! తప్పు మాంసానిది కాదండీ, పచ్చి కట్టెది. అది సరిగా మండదు, ఆ పొగ చేదంతా మాంసానికి పట్టుద్ది.

ఆఫ్‌సెట్‌లో మంట పక్క పెట్టెలో ఉంటుంది, మాంసం పెద్ద గొట్టంలో. వేడీ పొగా మాంసం మీదుగా పోయి అవతలి చిమ్నీలోంచి బయటికెళ్తాయి. కొనేటప్పుడు ఇనప రేకు మందం చూడండి. పల్చటిది గాలికే చల్లబడుద్ది, 6 మిల్లీమీటర్లుంటే వేడి నిలుస్తుంది.

కట్టెకి మనకేం కరువు? టెక్సాస్‌వాళ్ల మెస్కీట్, మన సర్కారు తుమ్మ దగ్గరి చుట్టాలే. ఘాటు ఎక్కువ కాబట్టి బాగా ఎండిన చిన్న చీలికలు ఒక్కోటే వేయండి. చిమ్నీ తెరిచే ఉంచి, వేడిని మంటపెట్టె గాలి తలుపుతో సర్దుకోండి. 110–120 డిగ్రీల సెల్సియస్ చాలు. దట్టమైన తెల్ల పొగ పోయి, పల్చగా నీలంగా మారాకే మాంసం పెట్టండి.

రంగు చూసి దించొద్దు, థర్మామీటర్ గుచ్చండి. కోడికి లోపల 74 డిగ్రీలు రావాలి. పొట్టేలు తొడ 90 దాటితేనే ఎముక వదులుద్ది.

ఈ సంక్రాంతికి అల్లుడు మారు అడిగి వేయించుకున్నాడు. ఉంటానండీ.