అమ్మిన మేక పాలిచ్చిందా?

బాలలూ! మీలో ఎవరైనా కథ వ్రాయడం మొదలుపెట్టి, సగంలో దారి తప్పి, నోటుబుక్కు మూసేశారా? అందుకు సిగ్గుపడనక్కరలేదు. పెద్ద పెద్ద రచయితలకు కూడా ఈ బాధ తప్పలేదు.

సంక్రాంతి వెళ్ళిన కొద్దిరోజులకు, డోన్‌లో మా ఇంటికి తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె వచ్చింది. నేను బడి నుంచి రిటైరై ఏళ్ళు గడిచినా పిల్లలకు ఇంకా సారునే. ఆమె చేతిలో మూడు నోటుబుక్కులున్నాయి. కళ్ళలో నీళ్ళున్నాయి.

"సార్, నవల రాస్తున్నా. పన్నెండు అధ్యాయాలయింది. ఇంక ముందుకు పోవడం లేదు. చించేద్దామనుకుంటున్నా" అంది.

"అంత తొందరెందుకమ్మా? ముందు కథేమిటో చెప్పు" అన్నాను.

మాది వానలు తక్కువైన సీమ. ఇక్కడి పనులు అయిపోగానే ఎన్నో కుటుంబాలు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వెళతాయి. దీన్నే సుగ్గికి పోవడం అంటారు. ఆ అమ్మాయి తల్లిదండ్రులు కూడా వెళ్ళారు. ఆమె అవ్వ దగ్గర ఉండి చదువుకుంటున్నది. నవల కూడా అటువంటి కుటుంబం గురించే. అన్న ఊళ్ళో అవ్వ దగ్గర ఉంటాడు. చిన్నచెల్లెలు అమ్మానాన్నలతో సుగ్గికి పోతుంది.

"ఉగాదికి అమ్మ వస్తుంది సార్. అమ్మకు చదువు రాదు. నేనే చదివి వినిపించాల. అప్పటికి అయిపోవాల" అంది.

నేను ఆ రాత్రి మూడు పుస్తకాలూ చదివాను. కథ బాగుంది. కాని నాలుగో అధ్యాయంలో దారిఖర్చులకని అవ్వ మేకను అమ్మేసింది. తొమ్మిదో అధ్యాయంలో అదే మేక పాలు పితికి మనుమడికి ఇచ్చింది! మర్నాడు, "అమ్మిన మేక పాలిచ్చిందా అమ్మా?" అని అడిగాను. ఏడుస్తూ వచ్చిన పిల్ల పకపకా నవ్వింది.

చూశారా పిల్లలూ! చిన్నకథను మనసులో పట్టుకోవచ్చు. నవలలో పదిమంది మనుషులు, ఎన్నో ఊళ్ళు, ఏడాది పొడుగునా సంగతులు ఉంటాయి. అన్నిటినీ గుర్తుంచుకోవడం అందరివల్లా కాదు. విశ్వనాథ సత్యనారాయణగారు 'వేయిపడగలు' నవలను ఇరవై తొమ్మిది రోజుల్లో నోటితో చెబుతూ పోతే, తమ్ముడు వెంకటేశ్వర్లుగారు వ్రాసుకున్నారని చెబుతారు. అది అరుదైన శక్తి. వ్లదీమిర్ నబకోవ్ అనే రచయిత మాత్రం నవలను చిన్న చిన్న అట్టముక్కల మీద వ్రాసేవాడు. కావలసినప్పుడు వాటిని ముందుకూ వెనక్కూ మార్చుకునేవాడు.

మన కర్నూలు సీమకు కూడా నవలతో పాత చుట్టరికం ఉంది. తెలుగులో మొదటి నవల అని పలువురు చెప్పే 'శ్రీరంగరాజ చరిత్ర' 1872లో వచ్చింది. దాన్ని వ్రాసిన నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారే కర్నూలు జిల్లా మాన్యువల్‌ను కూడా కూర్చారు. అది 1886లో అచ్చయింది. కథయినా, జిల్లా వివరాలయినా, ఎక్కడివక్కడ పేర్చడం తెలిసినవారన్నమాట!

ఇక కంప్యూటరు సంగతి. కీత్ బ్లౌంట్ అనే ఆంగ్లేయుడు నవల వ్రాయాలనుకున్నాడు. తనకు తగిన సాధనం కనిపించలేదు. దాంతో తానే ప్రోగ్రామింగు నేర్చుకొని 'స్క్రివెనర్' అనే సాఫ్టువేరు తయారుచేసి 2007లో విడుదల చేశాడు. అందులో తెర మీద ఒక బోర్డు, దాని మీద చీటీలు కనిపిస్తాయి. చీటీ జరిపితే దాని వెనుక ఉన్న వ్రాత కూడా జరుగుతుంది.

ఇది మా ఊరి పిల్లలకు చెప్పడం తేలిక. డోన్ రైల్వే జంక్షను కదా! గూడ్సు బండిలో పెట్టెలను విడదీసి, వరుస మార్చి, మళ్ళీ తగిలిస్తారు. లోపలి సరుకు చెక్కు చెదరదు. నవలలో అధ్యాయాలు కూడా అటువంటి పెట్టెలే.

స్క్రివెనర్ కొనుక్కోవాలి. మేము ఉచితంగా దొరికే 'లిబ్రేఆఫీస్'తోనే పని జరుపుకున్నాం. ప్రతి అధ్యాయం పేరుకూ హెడింగు గుర్తు పెట్టాం. ఎఫ్5 మీట నొక్కితే 'నావిగేటర్' అనే పట్టిక వస్తుంది. అందులో అధ్యాయం పేరును పైకి జరిపితే, అధ్యాయమంతా పైకి పోతుంది. 'మేక' అని వెతికితే కథలో మేక ఎక్కడెక్కడ ఉందో అన్నీ కనిపించాయి. మరొక కాగితంలో నెలలూ, ఆ నెలలో ఎవరు ఎక్కడున్నదీ వ్రాసుకున్నాం.

"సార్, ఫోన్ని అడిగితే అదే కథ రాసిస్తుందంట కదా?" అని ఆ అమ్మాయి ఒకనాడు అడిగింది.

"వ్రాస్తుంది. మీ అమ్మ వినాలనుకునేది నీ కథా, ఫోను కథా?" అన్నాను. మళ్ళీ అడగలేదు.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. పదో అధ్యాయం అప్పుడే పూర్తయింది, కాని సేవ్ చేయలేదు. అంతా పోయింది! తప్పు నాది. కంట్రోలు మీటతో ఎస్ మీట కలిపి నొక్కుతుండాలని మొదటిరోజే నేర్పవలసింది. పాపం, ఆ పిల్ల మూడు రోజులు కూర్చుని మళ్ళీ వ్రాసింది. అప్పటి నుంచి ప్రతి పేజీకీ సేవ్ చేసి, రోజూ ఒక ప్రతి పెన్‌డ్రైవులో దాచాం.

ఇక్కడొక వింత చెబుతాను. 1991లో వచ్చిన 'యూనికోడ్' పద్ధతిలో తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య. మన కంటికి 'స్త్రీ' ఒక్క అక్షరమే. కంప్యూటరుకు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు గుర్తులు! సాధారణంగా ఒక్కొక్క గుర్తుకు మూడు బైట్లు, అంటే పద్దెనిమిది బైట్లు. పేజీకి 1,500 గుర్తులనుకుంటే 200 పేజీల నవలకు తొమ్మిది లక్షల బైట్లు. మీ ఇంట్లో ఫోను తీసే ఒక్క ఫోటో తరచు ఇంతకంటె పెద్దది!

ఉగాదికి ముందురోజు నవల పూర్తయింది. వాళ్ళమ్మ వచ్చింది. రెండు రాత్రులు కూతురు చదువుతుంటే విన్నదట. మేక దగ్గర తప్పు లేదు. నెలలు సరిపోయాయి. కాని ఒకచోట ఆపమన్నదట. కథలో చిన్నచెల్లెలు అవ్వ కోసం ఏడుస్తుంది. చేనులోంచి వచ్చిన తల్లి వేళ్ళతో పిల్ల కళ్ళు తుడుస్తుంది.

"తుడవదు బిడ్డా. మిరపకాయ కోసిన చేయి ఎన్నిసార్లు కడిగినా మండుతాది. పిల్ల కళ్ళు కొంగుతో తుడుస్తాది" అన్నదట ఆ తల్లి.

ఆ అమ్మాయి మర్నాడే వచ్చి 'వేళ్ళతో' అన్నది కొట్టేసి 'కొంగుతో' అని దిద్దింది. కొంగు మాట నావిగేటర్‌కూ తెలియదు, నాకూ తోచలేదు.

పిల్లలూ! ఈ సెలవుల్లో మీరూ ఒక కథ మొదలుపెట్టండి. కంప్యూటరు లేకపోతే పాత శుభలేఖల వెనుకవైపు చాలు. ఒక్కొక్క అట్ట మీద ఒక్కొక్క సంగతి వ్రాసి, నేల మీద పరిచి చూడండి. వ్రాశాక ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి. తల్లిదండ్రులారా! పిల్లలు చదువుతుంటే ఆ కాసేపు ఫోను పక్కన పెట్టి వినండి. తప్పు కనబడితే చెప్పండి.