ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా తేనె

అమెరికాలోని న్యూజెర్సీలోనో ఒహాయోలోనో ఇంటి పెరట్లో హమ్మింగ్‌బర్డ్ కనిపించిందంటే అది దాదాపుగా రూబీ త్రోటెడ్ హమ్మింగ్‌బర్డే అయి ఉంటుంది. మిసిసిపీ నదికి తూర్పున గూడు కట్టి పిల్లల్ని పెంచే హమ్మింగ్‌బర్డ్ జాతి అదొక్కటే. బరువు సుమారు 3 గ్రాములు. రెక్కలు సెకనుకు 50 సార్లకు పైగా కొట్టుకుంటాయి. చలికాలమంతా మెక్సికోలో, మధ్య అమెరికాలో గడిపి ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరాదికి చేరుతుంది. సెప్టెంబరు వచ్చేసరికి మళ్లీ ప్రయాణం. దారిలో మెక్సికో సింధుశాఖ మీదుగా సుమారు 800 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా ఎగిరే పిట్టలెన్నో. ఆ ప్రయాణానికి ముందు ఒంట్లో కొవ్వు పట్టి బరువు దాదాపు రెట్టింపవుతుంది.

అందుకే ఈ పిట్ట కోసం మొక్కలు కొనేవాళ్లు పూల రంగుకంటే ముందు చూడవలసింది క్యాలెండరు. అది వచ్చిన వారం ఏం పూస్తోంది? వెళ్లే ముందు ఏం మిగిలి ఉంది?

రంగు సంగతి కొట్టిపారేయడానికి లేదు. తేనెటీగ కంటికి ఎరుపు సరిగ్గా ఆనదు, పిట్ట కంటికి స్పష్టంగా కనబడుతుంది. ఎర్రపూలలోని తేనె ఈగల పాలు కాకుండా తనకు మిగిలే అవకాశం ఎక్కువని పిట్ట అనుభవం మీద నేర్చుకుంటుంది. అంతేగాని ఎరుపంటే దానికి పుట్టుకతో వచ్చిన మోజేమీ లేదు. తేనె దండిగా ఉంటే ఏ రంగు పువ్వు దగ్గరికైనా వెళ్తుంది. అయినా రంగుకున్న బలం చిన్నది కాదు. బ్రాడ్‌షా, షెమ్‌స్కే అనే శాస్త్రవేత్తలు 2003లో 'నేచర్' పత్రికలో ఒక ప్రయోగం ప్రకటించారు. తుమ్మెదలు వాలే గులాబిరంగు మిమ్యులస్ మొక్కలోకి, దాని బంధువైన ఎర్రపూల మొక్క నుంచి రంగును నిర్ణయించే జన్యుభాగాన్ని సంకరం ద్వారా తెచ్చారు. పూలు నారింజ వన్నెకు మారాయి. హమ్మింగ్‌బర్డ్‌ల రాక 68 రెట్లు పెరిగింది!

ఆకారం కూడా ముఖ్యమే. మన తేనెపిట్ట సాధారణంగా కొమ్మ మీద వాలి తేనె తాగుతుంది, హమ్మింగ్‌బర్డ్ గాలిలో నిలబడి తాగుతుంది. కాబట్టి దానికి నచ్చే పువ్వుకు వాలే చోటు అక్కర్లేదు. సన్నగా, పొడవుగా, ముక్కు దూరేటంత గొట్టం ఉండి, ఆకులు అడ్డం పడకుండా బయటికి వేలాడితే చాలు. వాసన ఉండనవసరం లేదు. రేకుల మీద రేకులు వచ్చేలా పెంచిన ముద్దపూలు చూడటానికి బాగుంటాయేగాని చాలావాటిలో తేనె ఉండదు, ఉన్నా అందదు.

తూర్పు రాష్ట్రాల వాళ్లు అక్కడి స్థానిక మొక్కలనే ఎంచుకోవడం మంచిది. ఎరుపు, పసుపు కలిసిన కొలంబైన్ సరిగ్గా పిట్టలు వచ్చే రోజుల్లో పూస్తుంది. కాస్త వెనకగా ట్రంపెట్ హనీసకిల్ తీగ అందుకుంటుంది. ఒక్క మొక్కే పెట్టగలమంటే నేను ఈ తీగనే చెబుతాను; వసంతంలో విరగబూసి, ఆ తర్వాత కూడా ఆగి ఆగి పూస్తూనే ఉంటుంది. దీని పేరుతోనే దొరికే జపాన్ హనీసకిల్ మాత్రం వద్దు, అది అడవుల్లోకి పాకి చెట్లను కమ్మేస్తోంది. నడివేసవికి బీ బామ్. ఆగస్టు, సెప్టెంబరు నెలలకు తడినేలలో కార్డినల్ ఫ్లవర్, నీడలో జ్యుయెల్‌వీడ్. తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకునే పిట్టకు ఈ చివరి రెండూ ప్రాణాధారం. తోటల్లో సాధారణంగా లోటు పడేది కూడా ఈ నెలల్లోనే.

టెక్సాస్‌లో ఉండేవాళ్లకు టర్క్స్ క్యాప్ ఉంది. మన ఊళ్లలో రేకులు విప్పుకోకుండా మొగ్గలా వేలాడే ఎర్రమందారానికి అది దగ్గరి బంధువు. వలస పిట్టలు తీరానికి చేరే సెప్టెంబరులో కూడా పూస్తూనే ఉంటుంది. మన దడుల మీద పాకే కాశీరత్నం కూడా ఉష్ణమండల అమెరికా మొక్కే, హమ్మింగ్‌బర్డ్‌కు పాత చుట్టమే. చలి రాష్ట్రాల్లో విత్తనం వేసుకోవచ్చు. దక్షిణాదిన మాత్రం కలుపులా వ్యాపిస్తుంది కాబట్టి అక్కడ మానుకోవాలి.

తేనె ఒక్కటే దీని తిండి కాదు. గూట్లో పిల్లలు పెరగాలంటే మాంసకృత్తులు కావాలి, అందుకు తల్లి చిన్న పురుగుల్ని, సాలీళ్లను పట్టి తెస్తుంది. గూడు కట్టడానికి కూడా సాలెపట్టు వాడుతుంది. పురుగుమందు కొట్టిన తోటలో ఎన్ని ఎర్రపూలు పూసినా పిల్లలకు కూడు దొరకదు.

పూలు లేని రోజులకు చక్కెరనీళ్ల సీసా వేలాడదీయొచ్చు. ఒక వంతు తెల్ల చక్కెరకు నాలుగు వంతుల నీళ్లు. రంగు కలపకూడదు, తేనెటీగల తేనె అసలే వాడకూడదు, దానిలో బూజు త్వరగా పెరుగుతుంది. ఎండాకాలంలో రెండు మూడు రోజులకోసారి కడిగి కొత్తనీళ్లు పోయాలి. సీసా ఉంచితే పిట్ట వలస మానేస్తుందని భయపడి కొందరు సెప్టెంబరులోనే తీసేస్తారు. పగటిపొద్దు తగ్గడాన్ని బట్టి అది బయల్దేరుతుందే తప్ప సీసాను చూసి ఆగదు. చివరి పిట్ట వెళ్లాక కూడా రెండు వారాలు ఉంచండి; ఇంకా ఉత్తరం నుంచి ఆలస్యంగా దిగివచ్చే పిట్టలుంటాయి.