యింటివాడి చెయ్యా? దొంగ చెయ్యా?

జగిత్యాల ప్రాంతంలో ఒక కాలేజీ. పేరు మనకు అనవసరం. అందులో యిరవై కంప్యూటర్లు వున్న గది ఒకటి. కొన్నేళ్ళ కిందట ఒక సోమవారం ఆ యంత్రాలన్నిటినీ కొత్తగా కొన్న రక్షణ సాఫ్ట్‌వేరుతో పరీక్ష చేయించారు. సాయంత్రానికి లెక్క తేలింది. యంత్రానికి మూడు చొప్పున మొత్తం అరవై అభ్యంతరాలు!

"యివి వాటంతట అవి జరిగేవి కావు. యెవరో కావాలని సెట్టింగులు మార్చారు" అన్నారు పరీక్ష చేసినవారు. ఆ మాట నిజమే. ఐతే ఆ "యెవరో" యెవరు? గది తాళంచెవులు వుండేది అటెండరు దగ్గర. కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి. మర్నాడే అతని చేతికి మెమో అందింది. వారం రోజుల్లో జవాబు చెప్పుకోవాలి, లేకపోతే వుద్యోగం పోతుంది.

ఆ కాగితం పట్టుకొని అతను నా దగ్గరకు వచ్చాడు. కోపంతో రాలేదు. చాలాసేపు నిలబడి మెల్లగా, "సార్, చేసింది నేనే. కని చెయ్యుమన్నది మీరే గద" అన్నాడు.

నాకు వెంటనే గుర్తు రాలేదు. గుర్తు వచ్చిన తరువాత తలయెత్తలేకపోయాను.

తెలుగు చెప్పేవాడికి కంప్యూటర్ల పెత్తనం యేమిటని మీరు అడగవచ్చు. చిన్న కాలేజీల్లో ఖాళీ పీరియడు యెవరికి వుంటే వారే సర్వాధికారి. రెండేళ్ళ ముందు ఆ గదిలో తెలుగు టైపింగు నేర్పేవాణ్ణి. పరీక్ష నడుస్తూ వుండగానే మా పిల్లలు టాస్క్ మేనేజర్ తెరిచి ఆ ప్రోగ్రామును నిలిపివేసేవారు. కంట్రోల్ పానెల్‌లోకి వెళ్ళి కీబోర్డు మార్చేవారు. విసిగిపోయి, "యీ తలుపులన్నిటికీ తాళం వేసెయ్యవయ్యా" అన్నాను. అతను యెవరినో అడిగి నేర్చుకొని టాస్క్ మేనేజరు, కంట్రోల్ పానెలు, రిజిస్ట్రీ ఎడిటరు యీ మూడింటినీ మూసివేశాడు. యిరవై యంత్రాల్లో మూడేసి తాళాలు. అవే యీ అరవై "దోషాలు"!

సాఫ్ట్‌వేరు తప్పు చెప్పిందా?

చెప్పలేదు. యిక్కడే మనం కొంచెం ఆగి ఆలోచించాలి.

2007 ప్రాంతంలో మన నెట్ సెంటర్లలో తిరిగినవారికి "న్యూ ఫోల్డర్" వైరస్ గుర్తుండే వుంటుంది. పెన్‌డ్రైవులో ఫోల్డరు వేషం వేసుకొని వచ్చేది. రాగానే మొదట చేసే పని టాస్క్ మేనేజరునూ, రిజిస్ట్రీ ఎడిటరునూ మూసివెయ్యడం. తనను యెవరూ చూడకూడదు, తీసివెయ్యకూడదు గదా! అంతకు ముందు 2005లో బయలుదేరిన బ్రాంటాక్ అనే పురుగు కూడా రిజిస్ట్రీ ఎడిటరును మూసివేసేది. అనగా మా అటెండరు పిల్లల అల్లరికి వేసిన తాళమూ, దొంగ తన రక్షణ కోసం వేసుకొనే తాళమూ అచ్చంగా ఒకటే.

మన పల్లెల్లో పహాణీ యెట్లాంటిదో విండోస్ కంప్యూటరుకు రిజిస్ట్రీ అట్లాంటిది. యే తలుపు తెరిచి వుంది, యేది మూసి వుంది అన్నీ అందులో రాసి వుంటాయి. పహాణీలో మార్పు జరిగితే కింద ఒక సంతకం వుంటుంది. మామూలుగా రిజిస్ట్రీలో అది వుండదు. మార్పు కనిపిస్తుంది గాని, మార్చిన చెయ్యి కనిపించదు.

కాబట్టి రక్షణ సాఫ్ట్‌వేరు యేం చేస్తుంది? అనుమానం వున్నచోట వేలు చూపిస్తుంది. మాల్‌వేర్‌బైట్స్ అనే సాఫ్ట్‌వేరు వీటికి ఒక ప్రత్యేకమైన పేరే పెట్టుకున్నది. పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ మాడిఫికేషన్, పొట్టిగా పి.యు.ఎం. తెలుగులో చెప్పాలంటే "బహుశా మీకు అక్కరలేని మార్పు". అందులో "వైరస్" అన్న మాట లేదు. "నేరం" అన్న మాట అసలే లేదు. "బహుశా" అన్న మాట వున్నది. మా కాలేజీలో ఆ "బహుశా"ను యెవరూ చదవలేదు. తెరమీద యెర్రరంగు చూశారు, అంతే.

కోరుట్ల శిష్యుడు చెప్పిన మాట

యీ గొడవ మనసులో పెట్టుకొని కోరుట్లలో నా పాత శిష్యుడి దగ్గరకు వెళ్ళాను. బస్టాండు దగ్గర చిన్న నెట్ సెంటరు నడుపుతాడు. గల్ఫుకు వెళ్ళేవాళ్ళ కాగితాలు, అక్కడినుంచి వచ్చే టిక్కెట్లు, పిల్లల హాల్ టిక్కెట్లు అన్నీ ఆ నాలుగు యంత్రాల మీదనే.

నా కథంతా విని నవ్వాడు. "సార్, నాక్కూడ గట్లనే అయింది" అన్నాడు.

కంప్యూటరులో హోస్ట్స్ అనే చిన్న ఫైలు ఒకటి వుంటుంది. యే సైటుకు వెళ్ళాలన్నా యంత్రం ముందు ఆ చీటీ చూసుకొని, అందులో లేకపోతేనే బయట అడుగుతుంది. ఫలానా సైటు పేరుకు యెదురుగా దారిలేని అడ్రసు రాసిపెడితే ఆ సైటు యిక తెరుచుకోదు. మా వాడు అశ్లీలపు సైట్లకు, ప్రకటనలకు యీ పద్ధతిలో అడ్డుకట్ట వేశాడు. తను కూర్చుని రాయలేదు. యెవరో తయారుచేసి పెట్టిన వేల పేర్ల జాబితాను తెచ్చి అతికించాడు. మైక్రోసాఫ్టుకు సమాచారం పంపే అడ్రసులు కొన్ని ఆ జాబితాలోనే వున్నాయి. ఆ సంగతి అతనికి తెలియదు.

2020 జులై చివరినుంచి విండోస్‌లోని డిఫెండరు, యిట్లా మైక్రోసాఫ్టు అడ్రసులను మూసిన హోస్ట్స్ ఫైళ్ళను "హోస్ట్స్ ఫైల్ హైజాక్" అనే పేరుతో తీవ్రమైన ప్రమాదంగా చూపించసాగింది. శుభ్రం చేయమంటే ఫైలును మొదటి స్థితికి తెచ్చేది. అప్పుడు కావాలని రాసుకొన్న అడ్డుకట్టలు కూడా కొట్టుకుపోయేవి. ప్రపంచమంతటా చాలామంది "మా యంత్రం, మా యిష్టం" అని విసుక్కున్నారు.

"మరి నీకు కోపం రాలేదా?" అన్నాను.

"మొదట వచ్చింది సార్. తర్వాత డి.ఎన్.ఎస్. దొంగల కథ చదివిన. కోపం పోయింది" అన్నాడు.

ఆ కథ మనమూ తెలుసుకోదగ్గది. సైటు పేరు చెబితే దాని అడ్రసు చెప్పే యేర్పాటును డి.ఎన్.ఎస్. అంటారు. పోస్టుమాస్టరు వంటిది. 2007 మొదలు ఎస్టోనియా దేశానికి చెందిన ఒక ముఠా, లోకంలోని కంప్యూటర్లలో యీ ఒక్క సెట్టింగు మార్చి తమ సొంత పోస్టుమాస్టరును కూర్చోబెట్టింది. ఫైళ్ళు చెరపలేదు, తెర ఆర్పలేదు. జనం ఒక చోటికి వెళ్ళబోతే మరొక చోటికి పంపి, ప్రకటనల మీద డబ్బు చేసుకున్నది. 2011 నవంబరులో అమెరికా ఎఫ్.బి.ఐ. ఆ ముఠా గుట్టు బయటపెట్టేనాటికి వందకు పైగా దేశాల్లో దాదాపు 40 లక్షల యంత్రాలు దాని చేతిలో వున్నాయి. దొంగ సర్వర్లను వెంటనే ఆపేస్తే అంతమందికీ యింటర్‌నెట్టు ఆగిపోతుందని, కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లను పెట్టి 2012 జులై 9 దాకా నడిపారు. ఒక్క సెట్టింగు! దాన్ని యెవరూ వేలెత్తి చూపకపోవడం వల్ల అంత కథ నడిచింది.

సిరిసిల్లలో మరొక తప్పు

అన్నీ తీసివేయడం ఒక తప్పు. అన్నిటినీ వొప్పుకోవడం అంతకంటె పెద్ద తప్పు. యీ రెండోది నాకు అత్తవారి వూరైన సిరిసిల్లలో తెలిసింది.

మా బామ్మర్దికి అక్కడ కొన్ని సాంచెలున్నాయి. నూలు లెక్కలు, కూలి లెక్కలు, బ్యాంకు పనులు అన్నీ ఒకే కంప్యూటరులో. పండుగకు వెళ్ళినప్పుడు, "బావా, యిది రోజూ యేదో మొత్తుకునేది. అన్నిటికీ సరే అని నొక్కిన. యిప్పుడు సప్పుడు లేదు" అన్నాడు సంతోషంగా.

వొప్పుకున్న వాటి జాబితా తెరిపించాను. ఏడు వున్నాయి. ఒక్కొక్కటే చదివి "యిది నువ్వు చేసిందేనా?" అని అడిగాను. ఆరు అతనివే. మాటిమాటికీ వచ్చే హెచ్చరికలు ఆపుకున్నవి, పాత లెక్కల ప్రోగ్రాము కోసం మార్చుకున్నవి. ఏడోది ప్రాక్సీ. అనగా యీ యంత్రంనుంచి బయటికి వెళ్ళే సమాచారమంతా ముందు మరెవరిదో యంత్రం గుండా పోవాలన్న యేర్పాటు. ఆ మాటే అతను వినలేదు.

యింట్లో ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. బ్యాంకు పాసుపుస్తకం వరసంతా చూసుకున్నాం. డబ్బు పోలేదు. అది జాగ్రత్త కాదు, అదృష్టం. ప్రాక్సీ తీసివేసి, దాన్ని పెట్టిన ప్రోగ్రాము కోసం యంత్రమంతా వెతికించి, పాస్‌వర్డులన్నీ వేరే యంత్రం మీదనుంచి మార్చాం. డబ్బే పోయి వుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చెయ్యవలసి వచ్చేది.

నేను వుపన్యాసం మొదలుపెట్టబోతే బామ్మర్దే అందుకున్నాడు. "సాంచ కూడ గింతే బావా. పేక పోగు తెగితే ఆగుతది. తెగిందా, మనమే తెంపినమా అని అడగదు. ఆగుతున్నదని ఆ ఫోర్కును వంచిపెడితే గుడ్డంతా ఖరాబైతది." నేను చెప్పదలచుకున్నది అతను నాకంటె బాగా చెప్పాడు.

మరి చెయ్యవలసినది యేమిటి?

కావలివాణ్ణి మాన్పించడమూ వద్దు, అతను చెప్పిందల్లా తీర్పు అనుకోవడమూ వద్దు. హెచ్చరిక వస్తే ముందు దాని పేరు, అది చూపిస్తున్న చోటు పూర్తిగా చదవండి. అది మీరు చేసిన మార్పే ఐతే ఆ ఒక్కదానికే మినహాయింపు యివ్వండి. అదే జాతి మార్పులన్నిటికీ, లేదా ఒక ఫోల్డరు మొత్తానికీ యివ్వకండి. మీకు తెలియనిదైతే క్వారంటైనులో పెట్టండి. అది బందెలదొడ్డి వంటిది. పొరపాటున మన పశువే చిక్కితే మళ్ళీ విడిపించుకోవచ్చు. వొప్పుకున్న వాటి జాబితాను యేడాదికొకసారి తిరగెయ్యండి. నిరుడు అవసరమైన తాళం యీయేడు అవసరం లేకపోవచ్చు.

అసలు కొన్ని తాళాలే అక్కరలేదు. విద్యార్థులకు సర్వాధికారాలున్న ఖాతా కాక మామూలు ఖాతా యిచ్చి వుంటే, వారు యంత్రమంతటికీ వర్తించే మార్పులు చేయలేకపోయేవారు. మా అరవై తాళాల్లో కొన్నిటి పని తప్పేది. యిది మాకు ఆలస్యంగా తెలిసింది.

అన్నిటికంటె ముఖ్యం ఒక నోటుబుక్కు. యే తేదీన, యే యంత్రంలో, యే సెట్టింగు, యెవరు చెప్పగా, యెవరు, యెందుకు మార్చారు అన్నది ఒక వరసలో రాసి సంతకం పెట్టాలి. దాని వెల యెంత గనుక? ఆ పుస్తకం మా గదిలో వుండి వుంటే అరవై అభ్యంతరాలు అరగంటలో తేలిపోయేవి.

నేను ప్రిన్సిపాలు గారి దగ్గరకు వెళ్ళి వున్నది వున్నట్టు చెప్పాను. మెమో వెనక్కి తీసుకున్నారు. అటెండరు వుద్యోగం నిలిచింది. కాని ఆ నాలుగు రోజులు అతని యింట్లో పొయ్యి యెట్లా వెలిగిందో నేను అడగలేదు, అతను చెప్పలేదు. యంత్రానికి చేసిన చెయ్యి యెవరిదో తెలియదు, దాని తప్పు లేదు. చెయ్యమన్న నోటికి గుర్తు లేకపోవడమే తప్పు.

యిప్పుడు ఆ గదిలో మేకుకు ఒక నోటుబుక్కు వేలాడుతూ వుంటుంది. మొదటి పేజీలో పాత మూడు తాళాల సంగతి రాయించాను. "యెవరు చేశారు" అన్నచోట అటెండరు సంతకం. "యెవరు చెప్పగా" అన్నచోట నాది. అతను పెట్టమనకముందే పెట్టాను.